కారు నడతయు వెనుక సీటు సుఖమును

కురుక్షేత్ర సంగ్రామమున ధర్మరాజు రథము నేలకు నాలుగంగుళముల మీదుగా నడచుచుండెననియు, అశ్వత్థామ విషయమై ఆయన పలికిన మాటతో అది నేలకు దిగెననియు మనమందఱము వినియున్నాము. సత్యసంధుని రథమునకు నేల నంటకుండుట గౌరవమే గాని, మన మోటారు బండికి అది మహాదోషము. చక్రము నేలను తాకియున్నంత వఱకే బ్రేకునకు బలము, స్టీరింగునకు అధికారము. చక్రము గాలిలో నున్న క్షణమున ఆ రెండును పేరునకు మాత్రమే యుండును. చక్రమును నేలతో నంటిపెట్టి యుంచుటలో మిక్కిలి తోడ్పడు పరికరమునకే షాకబ్సార్బరని పేరు. మెకానిక్కుల నోట అది షాకప్ అయినది. బండితో వచ్చినవి అరిగినప్పుడో, వానితో తృప్తి లేనప్పుడో, బిగువును ఇష్టానుసారముగ మార్చుకొనుటకు వీలైన వానిని బయటి అంగడిలో కొని తగిలించుకొను అలవాటు ఇప్పుడు మన పల్లెలకును వచ్చినది. ఆ సవరణను గూర్చియే యీ వ్యాసము.

సోదరీమణులారా! రథముల సంగతి స్త్రీలకేల యని యెవరైన ననవచ్చును. దశరథుని రథపు శీల యూడిన వేళ కైక తన వ్రేలినే శీలగా నుంచి రథమును నిలిపెనని పెద్దలు చెప్పు కథ వారికి చాలినంత సమాధానము. అంతకంటె దగ్గఱి కారణము వేఱొకటి కలదు. నేడు మనలో ననేకులు స్వయముగా కారు నడపుచున్నారు. నడపని వారు వెనుక సీటున కూర్చుందురు. ముసలివారు, చంటిబిడ్డలు, గర్భిణులు, నడుము నొప్పివారు కూర్చుండునదియు అక్కడనే. ముందు కూర్చున్న వానికి స్టీరింగు ఆధారము కలదు. రాబోవు గుంత కంటికి కనబడును. దేహము ముందుగనే సిద్ధపడును. వెనుక నున్న వారికి ఆ సౌకర్యము లేదు. కాబట్టి బండి బిగువును నిర్ణయించునప్పుడు వెనుకవారి మాటకు విలువ యుండవలెను. ఆ మాట చెప్పుటకు మనకు కొంత తెలిసియుండుట యవసరము.

స్ప్రింగు పని వేఱు, షాకబ్సార్బరు పని వేఱు

షాకబ్సార్బరే బండి బరువును మోయుచున్నదని పలువురు తలంతురు. అది పొరపాటు. బరువును మోయునది స్ప్రింగు. జీపులలోను, లారీలలోను కమాను కట్టలును, కార్లలో చుట్టల స్ప్రింగులును ఆ పని చేయును. మన లేపాక్షి వీరభద్రాలయమున వ్రేలాడు స్తంభమును చూడనివారు అరుదు. చూచుటకు స్తంభమే, నేల నానుట మాత్రము లేదు. అట్లే షాకబ్సార్బరు చూచుటకు చక్రముమీద నిలిచిన స్తంభమువలె నున్నను, నిలిచియున్న బండి బరువును మోయుట దాని పని కాదు.

మఱి దాని పని యేమి? ఇంటి దూలమునకు కట్టిన ఉయ్యాలను తలంచుకొనుడు. ఒకసారి ఊపి విడిచినచో అది తనంతట తాను నిలువక చాలసేపు ఊగుచుండును. తల్లి చేయి మెల్లగా తగిలించినచో రెండు ఊపులలో నిలుచును. స్ప్రింగు ఉయ్యాల వంటిది; షాకబ్సార్బరు ఆ తల్లి చేయి. చేయి బొత్తిగా తగులనిచో ఉయ్యాల ఆగదు. మోటుగా పట్టి నిలిపినచో లోనున్న బిడ్డ ఉలికిపడి లేచును. ఈ రెంటికి నడుమ తగిన స్పర్శను కనుగొనుటయే సవరణ యందలి రహస్యమంతయు.

ఇంజనీర్లు దీనిని అంకెలతో చెప్పుదురు. కారు పైభాగము స్ప్రింగుల మీద సెకనుకు సుమారు ఒకటి లేక ఒకటిన్నర మార్లు ఊగు స్వభావము గలది. చక్రములు మాత్రము సెకనుకు 10 మొదలు 15 మార్లు అదరు స్వభావము గలవి. ఆ రెండు కదలికలను ఒకే పరికరము అదుపు చేయవలెను. ఊపు మరల వెనుకకు రాకుండ ఒక్కమారుగ నిలిపివేయుటకు కావలసిన నిరోధమును నూఱు పాళ్ళనుకొన్నచో, సామాన్యమైన కార్లలో 20 మొదలు 40 పాళ్ళ వఱకు మాత్రమే యుంచుదురు. ఇంకను బిగించినచో ఊపు త్వరగా నిలుచునుగాని, దారిలోని ప్రతి రాయియు దేహమునకు తెలియును. మనుష్యదేహము కూర్చున్నప్పుడు నిలువుగా సెకనుకు 4 మొదలు 8 మార్లు వచ్చు అదురును అన్నిటికంటె హెచ్చుగా గ్రహించునని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. బిగువు మితిమీరిన బండిలో కడుపును నడుమును కదలిపోవుటకు కారణమిదియే.

లోపల నేమున్నది?

మా వారు బడిలో పిల్లలకు పదార్థవిజ్ఞానము చెప్పువారగుటచే దీనిని వసంతోత్సవపు పిచికారితో చూపుదురు. పిచికారిలో నీరు నింపి కాడను మెల్లగా త్రోసిన సులువుగా పోవును. వడిగా త్రోసిన చేతికి ఎదురు తిరుగును. మూతి రంధ్రమును సగము మూసి త్రోసినచో ఇంకను ఎదురు తిరుగును. షాకబ్సార్బరు లోపల నీటికి బదులు నూనె యుండును. కాడ చివర రంధ్రములును, సన్నని ఉక్కు పలకల కవాటములును గల బిళ్ళ యుండును. చక్రము లేచి పడినప్పుడెల్ల ఆ బిళ్ళ నూనెలో క్రిందికి మీదికి పోవుచు, నూనెను ఆ యిఱుకు దారులగుండ దూర్చును. కదలిక యెంత వడిగా నుండునో నిరోధము అంత హెచ్చుగా నుండును. ఊపులోని శక్తి యంతయు వేడిగా మారి నూనెలో చేరి, గొట్టము గోడల నుండి గాలిలో కలియును. గతుకుల దారిలో చాలసేపు నడచిన బండి షాకబ్సార్బరు చేతికి వేడిగా తగులుట ఇందువలననే.

కదలికలు రెండు. చక్రము మిట్ట నెక్కినప్పుడు కాడ లోనికి క్రుంగును. దీనిని మెకానిక్కులు కంప్రెషను అందురు. క్రుంగిన స్ప్రింగు తిరిగి చాచుకొనునప్పుడు కాడ వెలికి లేచును; దీనిని రీబౌండు అందురు. సామాన్యముగా రీబౌండు నిరోధమునే హెచ్చుగా నుంచుదురు. ఏలయన, దారి మిట్ట చక్రమును పైకి త్రోయునప్పుడు మోటుగా అడ్డగించినచో ఆ దెబ్బ సీటు వఱకు వచ్చును. స్ప్రింగు తాను దాచుకొన్న బలముతో బండిని పైకెగురవేయునప్పుడు మాత్రము అడ్డగింపు చాల యవసరము.

ఈ పరికరమునకును చరిత్ర గలదు. మోటారు బండ్లు పుట్టిన క్రొత్తలో స్ప్రింగులే యుండెడివి. బండి దారి పొడుగున గంతులు వేసెడిది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో ఫ్రాన్సు దేశస్థుడు త్రూఫో అను నతడు బిళ్ళల రాపిడివలన ఊపును తగ్గించు సాధనమును కల్పింపగా, హార్ట్‌ఫర్డు అను నతడు దానిని అమెరికాలో అమ్మెను. రాపిడి బిళ్ళలకు వడితోడి వివేకము లేదు. మెల్లని కదలికను సైతము అవి అంతే బిగువుగ పట్టును. అందుచే క్రమముగా నూనె రకములు వచ్చి వానిని త్రోసివేసినవి. నూనె నురుగెత్తినచో నిరోధము సడలును గనుక, 1950ల దశకమున ఫ్రాన్సులో ద కార్బోన్ అను శాస్త్రజ్ఞుడు వాయువు నొత్తిడితో నింపిన ఒంటి గొట్టపు రకమును ప్రచారమునకు తెచ్చెను. మన దేశమున గేబ్రియేల్ ఇండియా సంస్థ 1961లో బొంబాయిలో స్థాపింపబడి వీని తయారీకి పూనుకొన్నది.

సవరింపు మర గల రకములు

సామాన్యమైన కారు కర్మాగారము నుండి వచ్చునప్పుడు దాని షాకబ్సార్బరులకు సవరింపు మర యుండదు. మన పెనుకొండ దాపున ఎఱ్ఱమంచి యొద్ద కియా వారి కర్మాగారము 2019లో కార్లను వెలువరింప నారంభించినది; 2023 జూలై నాటికి అక్కడ పది లక్షల బండ్లు పూర్తియైనవి. అటువంటి ఏ కర్మాగారమైనను ఒకే బిగువును నిర్ణయించి పంపవలసినదే. కొన్న వాడు ఒంటరిగ నడపునో, అయిదుగురను సామానులను ఎక్కించునో, నున్నని రహదారిపై పోవునో, రాళ్ళ బాటలో పోవునో తయారుచేసిన వానికి తెలియదు గదా! అందఱి కాలికి ఒకే కొలత చెప్పులు కుట్టినట్లు, అందఱికిని కొంత సరిపడు నడిమి బిగువును వారు ఏర్పఱతురు.

మన కాలికి తగినట్లు చెప్పును సవరించుకొను వీలును బయటి తయారీదారులు కల్పించిరి. వీరిలో హాలండు దేశపు కోనీ వారి కథ ముచ్చటైనది. 1857లో గుఱ్ఱపు సాజుల పనితో మొదలైన ఆ వంశపు వ్యాపారము 1932లో షాకబ్సార్బరుల తయారీకి దిగినది. బండి మారినను బండి నెక్కిన వారి సుఖమే వారి వృత్తిగా నిలిచినది. వారి పసుపుపచ్చ రకములో రీబౌండును మాత్రమే మరతో మార్చవచ్చును. అమెరికాలోని రాంచో వారి యొక రకమునకు 9 మెట్ల మీట గలదు. జర్మనీలోని బిల్‌స్టైన్ వారి యొక రకమునకు 10 మెట్లు గలవు. కొన్నిటిలో ఒకే మీట క్రుంగు లేచు నిరోధములు రెంటిని కలిపి మార్చును. వెల హెచ్చైన వానిలో రెంటికిని వేర్వేరు మరలుండును. పందెపు బండ్లవారు ప్రతి మైదానమునకును వీనిని మార్చుకొందురు. కొనుటకు పూర్వమే, ఆ మర దేనిని మార్చునో అడిగి తెలిసికొనవలెను. క్రుంగునప్పటి దెబ్బ బాధించుచుండగా, రీబౌండు మాత్రమే మార్చు మరను కొని లాభమేమి?

మన దారులు

మా గుడిబండ కర్ణాటకములోని గుడిబండె కాదు, మడకశిర సీమలోనిది. రెండు భాషలు కలిసి వినవచ్చు సరిహద్దు ప్రాంతము. ఇక్కడి కారు ఒకే దినమున మూడు రకముల నేలను చూచును. పొలము దారిలో రాళ్ళు తేలియుండును. ఊళ్ళను కలుపు తారు రోడ్డున అతుకులు, అంచున కోతలు, ఊరికి రెండు మూడేసి వేగనిరోధపు గట్లు. పెనుకొండ యొద్ద 44వ నంబరు జాతీయ రహదారి చేరినంతనే నేల నున్నబడి వేగము పెరుగును. పొలము బాటకు మెత్తదనము కావలెను. రహదారికి కొంత నిబ్బరము కావలెను.

వేగనిరోధపు గట్టునకు సైతము కొలత గలదని చాలమందికి తెలియదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి 1988 నాటి నిబంధనములలో, గంటకు 25 కిలోమీటర్ల వేగముతో దాటదగిన గుండ్రని గట్టు 3.7 మీటర్ల వెడల్పును, 10 సెంటీమీటర్ల ఎత్తును కలిగియుండవలెనని చెప్పబడినది. పల్లెలలో ఎవరికి తోచినట్లు వారు పోసిన ఇఱుకు గట్లు ఈ కొలతకు లోబడినవి కావు. వాని మీద ఏ షాకబ్సార్బరును మాయ చేయజాలదు. నడక వేగమున దాటుటయే మందు.

బరువు సంగతియు మఱువరాదు. ఒకనాడు మనిషి యొక్కడే పోవును. మఱునాడు హిందూపురమునకు చింతపండు మూటలు, లేక పెండ్లికి పోవు ఏడుగురు బంధువులు. బరువు పెరిగినకొలది బండి ఊపు మందమై దీర్ఘమగును. ఆనాడు రీబౌండు ఒక మెట్టు హెచ్చింపవలసి రావచ్చును. అయితే, బరువువలన బండి వెనుక భాగము క్రుంగిపోవుటను షాకబ్సార్బరు సరిచేయదు. అది స్ప్రింగు పని. లేదా, బరువు తగ్గించుకొనవలసిన మన పని.

ఒక యింటి యనుభవము

మా బంధువుల యింట ఒక కారు గలదు. లక్ష కిలోమీటర్లు తిరిగి దాని షాకబ్సార్బరులు నూనె కార్చుచుండెను. గట్టు దాటిన తరువాత బండి మూడు నాలుగు మార్లు ఊగెడిది. ఇంటి యజమాని కొంత సొమ్ము కూడబెట్టి, తొమ్మిది మెట్ల సవరింపు గల నాలుగింటిని ఒక అంగడిలో కొని తగిలింపించెను. అంగడివాడు నాలుగింటిని చిట్టచివరి మెట్టునకు బిగించి, బండి యిక రాయివలె నిలుచునని చెప్పి పంపెను. ఒంటరిగ రహదారిపై నడపిన యజమానికి నిజముగనే సంతోషము కలిగెను.

వారి కుమార్తె ఏడవ నెల గర్భిణి. ఆమెను బెంగళూరు నుండి పుట్టినింటికి తెచ్చునప్పుడు, పెద్ద రహదారి దాటి లోపలి దారి పట్టిన తరువాత, ఆ బిడ్డ నొప్పికి తాళలేక రెండుమార్లు బండి నాపించెను. తోడు వచ్చిన అవ్వ దిగుచునే కొడుకుతో, “ఏం నాయనా! బండికి కొత్త కాళ్ళు పెట్టిచ్చినావు గానీ, మా నడుములు తీసుకుంటివే!” అనెను. ఈశ్వరానుగ్రహమున బిడ్డకు ఏ కీడును కలుగలేదు. ఆ రాత్రి యింటి ఆడవారందఱు ఒక్కమాటగా నిలిచి, ఆ మీటల సంగతి తేల్చువఱకు ఆ పిల్లను కారెక్కింపమని పట్టుబట్టిరి. “ఇంత సొమ్ము పోసి మెత్తగా పెట్టుకొనుట యేమి?” అని యజమాని వాదించెను. “సొమ్ము పోసినది గట్టిదనమునకు కాదు, మార్చుకొను వీలునకు,” అని మా వారు చెప్పిన మాట ఆయనకు నచ్చెను.

నాలుగు ఆదివారములు పరీక్ష సాగెను. ఊరి బయట ఒకే రెండు కిలోమీటర్ల దారి. మీటలన్నియు మెత్తని మొదటి మెట్టున మొదలు. ముందు యజమాని, వెనుక అవ్వయు మేమును. ప్రతి మార్పునకు తరువాత అవ్వ తీర్పు చెప్పుట, మేము పుస్తకమున వ్రాయుట. మొదటి మెట్టున ఊపు నిలువలేదు. మూడవ మెట్టున గట్టు దాటిన తరువాత ఒక్క ఊపుతో నిలిచెను. ఆరవ మెట్టున అవ్వ చేయెత్తి చాలుననెను. తుదకు ముందు మూడవ మెట్టును, వెనుక నాలుగవ మెట్టును కుదిరినవి. రాళ్ళు తేలిన మలుపున బ్రేకు వేసినప్పుడు బండి మునుపటి కంటె తిన్నగా నిలుచుచున్నదని యజమానియే గమనించి చెప్పెను. మెత్తబఱచినందున సుఖము మాత్రమేగాక పట్టు సైతము హెచ్చినది. కారణము స్పష్టము. బిగిసిన చక్రము రాతి మీదనుండి రాతి మీదికి గెంతును. మెత్తని చక్రము నేల వంపులను అనుసరించి పోవును. ఆ అంకెలు ఆ బండికి, ఆ దారికి సంబంధించినవి. మీ బండికి మీరే వెదకికొనవలెను.

సవరించు క్రమము

మొదట టైర్లలోని గాలి చూడవలెను. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు చట్రము మీది చీటిలో నుండును. గాలి హెచ్చైన టైరు దెబ్బను షాకబ్సార్బరు మీదికి నెట్టి నిందించుట తగదు. పిదప చక్రముల అలైన్‌మెంటును, రబ్బరు బుష్షులను మెకానిక్కుచే చూపింపవలెను. క్రొత్త షాకబ్సార్బరులు తగిలించిన తరువాత అలైన్‌మెంటు మఱల చేయించుట మంచిది.

రెండవది, మీట యేవైపు త్రిప్పిన బిగియునో తయారీదారు పత్రమున చదువవలెను. మీటను ఒక చివర వఱకు త్రిప్పి అక్కడి నుండి మెట్లు లెక్కింపవలెను. చివర తగిలిన తరువాత బలవంతము చేయరాదు. లోపలి సూది చెడును. కుదిరిన స్థానమున గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టిన చాలకాలము చెరగక గుర్తుగా నుండును.

మూడవది, ఒకే ఇరుసునకు ఎడమ కుడి రెండింటిని సమానముగ నుంచవలెను. ముందు జతకును వెనుక జతకును భేదము ఉండవచ్చును.

నాలుగవది, ఒకమారు ఒకే మార్పు. ముందును వెనుకను కలిపి మార్చినచో ఏ మందు పనిచేసినదో తెలియదు. ఒక మెట్టు, లేదా రెండు మెట్లకు మించి ఒకసారి త్రిప్పరాదు.

అయిదవది, అదే దారి, అదే వేగము, అంతే బరువు. నాలుగైదు కిలోమీటర్లు నడపి నూనె వేడెక్కిన తరువాతనే తీర్పు చెప్పవలెను. జనసంచారము లేని దారిని, పగటి వేళను ఎన్నుకొనవలెను. నడపువారు తీర్పులు వ్రాయరాదు. అది ప్రక్కవారి పని.

ఆఱవది, పుస్తకమున నాలుగు నిలువు గీతలు గీసి తేది, ముందు మెట్టు, వెనుక మెట్టు, కూర్చున్న వారి మాట అని వ్రాసికొనవలెను. ఆవకాయకు కారము కొలిచి వ్రాసికొను ఇల్లాలికి ఇది కష్టమైన పని కాదు.

లక్షణములు, చికిత్స

గట్టు దాటిన తరువాత బండి ఒకటికి మించి ఊగినచో రీబౌండు హెచ్చింపవలెను. గట్టు నెక్కునప్పుడే నడుమునకు చుఱుకుమని దెబ్బ తగిలినచో కంప్రెషను తగ్గింపవలెను. వరుస గట్ల మీద పోవునప్పుడు బండి క్రమముగ క్రుంగి, పోనుపోను కఠినమైనచో రీబౌండు మితిమీరినదని గుర్తు. చక్రము చాచుకొనునంతలో రెండవ గట్టు వచ్చి, స్ప్రింగు మఱింత క్రుంగుచు పోవును. ఒక మెట్టు సడలింపవలెను.

బ్రేకు వేసినప్పుడు ముక్కు నేలకు వంగిపోవుచున్నచో ముందు కంప్రెషనును కొంచెము హెచ్చింపవచ్చును. మలుపు మొదట స్టీరింగు త్రిప్పినను బండి ముందు భాగము వెలుపలికి జాఱుచున్నచో ముందు జతను ఒక మెట్టు సడలింపవలెను. వెనుక భాగము జాఱుచున్నట్లు తోచినచో వెనుక జతను సడలింపవలెను. ఈ ప్రభావము మలుపులోనికి దిగు క్షణమునను, వెలువడు క్షణమునను మాత్రమే కనబడును. పొడుగైన మలుపులో నిలకడగ పోవునప్పటి నడత టైర్లు, స్ప్రింగులు, అడ్డకమ్మీల చేతిలోని పని.

బరువుతో పోవునప్పుడు అడుగున ధభీలుమని కొట్టుకొనుచున్నచో మీటలు త్రిప్పి ప్రయోజనము లేదు. గొట్టము మీద నూనె చెమ్మ యున్నచో అది సవరణకు లొంగు రోగము కాదు, జతగా మార్పింపవలెను. 80,000 కిలోమీటర్ల వద్ద ఒకమారు చూపించుకొనుట మేలని కొందఱు తయారీదారులు చెప్పుదురు. మా దారుల మీద అంతకు ముందే చూపుట మంచిది.

చేయరాని పనులు

చుట్ట స్ప్రింగుతో కలిసిన షాకబ్సార్బరును ఇంటి యొద్ద విప్పరాదు. నొక్కియున్న ఆ స్ప్రింగు తగిన సాధనము లేక విడిపించినచో తూపువలె ఎగిరి ప్రాణము తీయగలదు. మీటను త్రిప్పుట మన పని. విప్పి బిగించుట మెకానిక్కు పని.

బండి ఎత్తును చాల పెంచుట, తగ్గించుట మంచిది కాదు. ఎత్తు పెరిగినచో మలుపున ఒరిగిపోవు గుణము హెచ్చును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. సందేహమున్న రవాణా శాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను. బండి హామీ గడువులో నున్నచో అమ్మిన వారిని, బీమా కంపెనీని ముందుగనే అడుగుటయు యుక్తము.

అన్నిటికంటె ముఖ్యమైనది వేగము. బండి నిబ్బరముగ నిలుచుచున్నదను ధైర్యముతో వేగము పెంచుట తగదు. షాకబ్సార్బరు టైరునకు క్రొత్త పట్టును పుట్టింపజాలదు. ఉన్న పట్టును వృథాపోనీయక కాపాడుటయే దాని శక్తి.

ధర్మవరపు సాలెవారు పడుగును మగ్గమున కెక్కించునప్పుడు నూలు తెగునంత బిగువుగను లాగరు, సాగిపడునంత వదులుగను విడువరు. వ్రేలితో మీటి చూచి నిర్ణయింతురు. కారు బిగువును మీటి చూచు వ్రేలు వెనుక సీటున కూర్చున్న వారి దేహమే. కాబట్టి సోదరీమణులారా! మీ యింటి బండికి సవరింపు షాకబ్సార్బరులు కొనదలచినప్పుడు, అవి యేమి మార్చునో, ఏ మెట్టున నుంచినారో అడుగుడు. పరీక్షకు పోవునప్పుడు వెనుక సీటున మీరు కూర్చుండుడు. ఇంటి పెద్దలను కూర్చుండబెట్టుడు. బాధ కలిగినప్పుడు ఓర్చుకొనుట సుగుణమని మౌనము వహింపక, ఏ గట్టున ఏ విధముగ తగిలినదో స్పష్టముగ చెప్పుడు. ఊపు ఒక్కమారుతో నిలుచుటకు చాలినంత బిగువు చాలును. అంతకు మించిన ప్రతి మెట్టును వెనుక కూర్చున్న వారి నడుము మీదనే పడును.